బండి చివరి పెట్టె చెప్పే సంగతి

అల్లూరు రోడ్డు దగ్గరో, బిట్రగుంట దగ్గరో రైలు గేటు వేసి ఉందనుకోండి. గూడ్సుబండి వస్తుంది. గేటు దగ్గర ఆగిన పిల్లలు వ్యాగన్లు లెక్కపెట్టడం మొదలుపెడతారు. ఒకటి, రెండు, మూడు... యాభై ఏడు, యాభై ఎనిమిది. ఆ తరువాత అన్నిటికంటే చిన్నదిగా ఒక పెట్టె వస్తుంది. దానికి ముందూ వెనకా చిన్న వరండాలు, మధ్యన ఒక గది. వరండాలో ఒక మనిషి పచ్చజెండా పట్టుకొని నిలబడి ఉంటాడు. దాని వెనకభాగాన పసుపుపచ్చని గుణకారపు గుర్తు, ఒక ఎర్రదీపం, రెండు అక్షరాల పలక కనిపిస్తాయి. ఆ పెట్టె దాటగానే మన లెక్క ముగుస్తుంది. కాని రైల్వేవారి లెక్క మొదలయ్యేది సరిగ్గా అక్కడే!

ఈ పెట్టెను జనం గార్డు డబ్బా అంటారు. రైల్వేవారు బ్రేకువ్యాను అంటారు. అమెరికాలో దీని వంటిదానికి కబూస్ అని పేరు. ఇందులో సరుకు వెయ్యరు. ప్రయాణికులను ఎక్కించరు. మరి ఇంత బరువును అనవసరంగా లాక్కుపోవడం ఎందుకు? దాని మీద ఉన్న రంగులకూ, రాతలకూ, దీపాలకూ అర్థం ఏమిటి?

రైల్వే ఊరు

విజయవాడ నుంచి మద్రాసు వైపు పోయే రైలుమార్గం 1899లో పూర్తయింది. ఈ మార్గంలో కావలి దాటి దక్షిణంగా వస్తే బిట్రగుంట, దాని తరువాత అల్లూరు రోడ్డు స్టేషన్లు వస్తాయి. అల్లూరు ఊరు ఈ స్టేషనుకు తూర్పున, సముద్రం వైపు ఉంది. ఆవిరి ఇంజన్ల కాలంలో బిట్రగుంట పెద్ద రైల్వే కేంద్రం. అక్కడ ఇంజన్ల షెడ్డు, వ్యాగన్లను విడదీసి కూర్చే యార్డు ఉండేవి. చుట్టుపక్కల ఊళ్ళలో డ్రైవర్లు, ఫైర్‌మన్లు, గార్డులు ఉన్న కుటుంబాలు ఎన్నో. ఈ మార్గం ఒకప్పుడు మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వే చేతిలోనూ, 1951 నుంచి దక్షిణ రైల్వేలోనూ ఉండేది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడినప్పుడు విజయవాడ డివిజను అందులో చేరింది. 1980 నాటికి విజయవాడ, మద్రాసుల మధ్య విద్యుత్తు ఇంజన్లు నడవసాగాయి. ఆవిరి పోయింది. షెడ్డు వైభవం తగ్గింది. అయినా గూడ్సుబండి చివర బ్రేకువ్యాను మాత్రం తన పని తాను చేస్తూనే వచ్చింది.

బండి మొత్తం వచ్చిందా?

రెండు స్టేషన్ల మధ్య ఉండే పట్టాల భాగాన్ని బ్లాక్ సెక్షను అంటారు. రైల్వేలో ఒక గట్టి నియమం ఉంది. ఒక బ్లాక్ సెక్షనులో ఒకే దారి మీద ఒకసారి ఒక్క బండే ఉండాలి. ముందు బండి అవతలి స్టేషను చేరిందని తెలిశాకనే వెనక బండిని వదలాలి.

స్టేషను మాస్టర్లు ఈ సంగతిని గంటల ద్వారా చెప్పుకునే పద్ధతి ఉంది. "దారి ఖాళీగా ఉందా?" అని అడగడానికి రెండు గంటలు. "బండి సెక్షనులోకి వచ్చింది" అనడానికి మూడు గంటలు. "బండి సెక్షను దాటింది" అనడానికి నాలుగు గంటలు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఇంజను స్టేషనులోకి వచ్చినంత మాత్రాన బండి వచ్చినట్టేనా? కాదు. దారిలో ఎక్కడో ఒక కప్లింగు తెగి ఉండవచ్చు. పది వ్యాగన్లు వెనక పట్టాల మీద చీకట్లో నిలిచిపోయి ఉండవచ్చు. ఆ సంగతి తెలియక నాలుగు గంటలు కొడితే, వెనక వచ్చే బండి వేగంగా వచ్చి వాటిని గుద్దుకుంటుంది.

మరి ప్రతి బండికీ వ్యాగన్లు లెక్కపెట్టుకోవాలా? ఒక్కొక్క బండికి ఒక్కొక్క లెక్క. రాత్రిపూట, వానలో, వేగంగా పోయే బండిలో లెక్క తప్పకుండా ఉంటుందా? అందుకే రైల్వేవారు చాలా తేలికైన ఉపాయం కనిపెట్టారు. చివరి పెట్టెకు మాత్రమే ఒక గుర్తు పెట్టారు. ఆ గుర్తు కనిపిస్తే బండి పూర్తిగా వచ్చినట్టు. కనిపించకపోతే వెనక ఏదో మిగిలిపోయినట్టు. యాభై ఎనిమిది లెక్కలకు బదులు ఒక్క చూపు!

పగటిపూట ఈ గుర్తు పసుపుపచ్చని పలక. దాని మీద నల్లని ఎల్.వి. అక్షరాలు ఉంటాయి. ఎల్.వి. అంటే లాస్ట్ వెహికిల్, కడపటి వాహనం అని అర్థం. రాత్రివేళ ఎర్రని తోకదీపం ఆ పని చేస్తుంది. ప్రయాణికుల బండి చివరి పెట్టెకు వెనక పెద్ద గుణకారపు గుర్తు వేసేది కూడా ఇందుకే. పలక గాని దీపం గాని లేకుండా ఒక బండి స్టేషను దాటి పోతే, స్టేషను మాస్టరు ఆరు గంటలు, కొంచెం ఆగి మరి రెండు గంటలు కొట్టి తరువాతి స్టేషనును హెచ్చరించాలి. ఆరు, ఆపై మూడు గంటలు కొడితే "బండి రెండుగా విడిపోయింది" అని అర్థం.

ఒక ఘోరం నేర్పిన పాఠం

ఈ జాగ్రత్తలు ఊరికే రాలేదు. 1889 జూన్ 12న ఐర్లండులో అర్మా అనే ఊరి దగ్గర పిల్లలతో, పెద్దలతో కిక్కిరిసిన విహారయాత్ర రైలు ఒక ఎత్తు ఎక్కలేక ఆగిపోయింది. ముందు ఐదు పెట్టెలను తీసుకుపోయి, తరువాత వచ్చి మిగతా పదింటిని తీసుకుపోదామని రైలు సిబ్బంది అనుకున్నారు. కప్లింగు విప్పారు. వెనక పది పెట్టెలనూ ఆపి ఉంచడానికి మిగిలింది గార్డు వ్యానులోని చేతిబ్రేకు, చక్రాల కింద పెట్టిన కొన్ని రాళ్ళు. ఇంజను కదిలేటప్పుడు కొద్దిగా వెనక్కు వచ్చి పెట్టెలను తాకింది. రాళ్ళు నలిగాయి. పది పెట్టెలూ వాలు మీద వెనక్కు దొర్లి, వెనక వస్తున్న మరో రైలును గుద్దుకున్నాయి. 80 మంది చనిపోయారు. వారిలో చాలామంది పిల్లలు.

ఆ రైలుకు వాక్యూం బ్రేకు లేకపోలేదు. కాని గొట్టం విడిపోతే బ్రేకు పడిపోయే రకం కాదు, వదిలిపోయే రకం అది! అదే సంవత్సరం బ్రిటిషు పార్లమెంటు చట్టం చేసింది. ప్రయాణికుల బండి ప్రతి పెట్టెకూ బ్రేకు ఉండాలి. బండి రెండుగా తెగితే ఆ బ్రేకులు తమంతట తామే పడాలి. ఒక సెక్షనులో ఒకే బండి ఉండాలి. ఈ మూడు సూత్రాలూ ఈనాటికీ రైలు భద్రతకు పునాదిరాళ్ళు.

గదిలో ఏముంది?

ఇప్పుడు బ్రేకువ్యాను లోపలికి చూద్దాం. అన్నిటికంటే ముందు కంటపడేది ఒక ఇనుప చక్రం. దాన్ని తిప్పితే మర బిగిసి, బ్రేకు దిమ్మలు వ్యాను చక్రాలను ఒత్తుకుంటాయి. ఇదే చేతిబ్రేకు. పూర్వం గూడ్సు వ్యాగన్లకు ఇంజను నుంచి పనిచేసే బ్రేకు లేని రోజుల్లో, పల్లంలో దిగేటప్పుడు గార్డు ఈ చక్రం తిప్పి బండి వెనక భాగాన్ని పట్టి ఉంచేవాడు. లేకపోతే వెనక వ్యాగన్లు జడత్వం వల్ల ముందున్నవాటి మీదికి తోసుకువచ్చి, మళ్ళీ సాగి, కప్లింగులు పుటుక్కున తెగేవి. బ్రేకువ్యాను అనే పేరు అలా వచ్చిందే.

గోడకు ఒక గడియారం వంటి సాధనం కనిపిస్తుంది. అది పీడనమాపకం. వాక్యూం బ్రేకు ఉన్న బండిలో ఇంజను నుంచి చివరిదాకా ఒక గొట్టం ఉంటుంది. అందులోని గాలిని ఇంజను తోడివేస్తుంది. మన చుట్టూ ఉన్న గాలి 76 సెంటీమీటర్ల పాదరసాన్ని నిలబెట్టగలదని మీరు చదువుకున్నారు. ఇంజను దగ్గర గొట్టంలో సుమారు 53 సెంటీమీటర్ల శూన్యాన్ని ఏర్పరుస్తారు. శూన్యం ఉన్నంతసేపూ బ్రేకులు వదిలి ఉంటాయి. గొట్టంలోకి గాలి చొరబడగానే, ఆ గాలి సిలిండర్లలోని ముషలకాలను పైకి నెట్టి బ్రేకులు వేస్తుంది. గొట్టం తెగినా జరిగేది ఇదే. అంటే ప్రమాదం జరగగానే బ్రేకు తానుగా పడుతుంది!

1980 తరువాత భారతీయ గూడ్సుబండ్లలో క్రమంగా గాలిబ్రేకు వచ్చింది. దీనిలో గొట్టాన్ని ఖాళీ చెయ్యరు, గాలితో నింపుతారు. ఇంజను దగ్గర గొట్టంలో పీడనం చదరపు సెంటీమీటరుకు 5 కిలోగ్రాములు. వాక్యూం బ్రేకుకు దొరికే బలం ఎంతో లెక్కవేయండి. 53ను 76తో భాగిస్తే సుమారు 0.7. అంటే వాతావరణ పీడనంలో పదింట ఏడు వంతులే. అందుకే గాలిబ్రేకుకు చిన్న సిలిండరు చాలు. అది పొడవైన బండ్లకు బాగా పనికివస్తుంది. 58 బొగ్గు వ్యాగన్లు నిండితే సుమారు 4,700 టన్నులు తూగుతాయి మరి!

గార్డు ఈ మాపకాన్ని ఎందుకు చూడాలి? గొట్టం చివరిదాకా గాలి చేరిందో లేదో తెలిసేది చివరి పెట్టెలోనే. మధ్యలో ఒక కవాటం పొరపాటున మూసుకుపోతే, ఇంజను దగ్గర మాపకం బాగానే చూపుతుంది. కాని ఆ కవాటానికి వెనక ఉన్న వ్యాగన్లకు డ్రైవరు వేసే బ్రేకు అందదు. కనుక రెండు కొసల్లోనూ పీడనం సరిపోయిందని తేలాకనే బండి బయలుదేరాలి. అవసరమైతే గార్డు తన గదిలోని కవాటాన్ని తెరిచి తానే బండిని ఆపగలడు.

రంగులకు కారణాలు

గాలిబ్రేకు బండిలో వ్యాగన్ల మధ్య వేలాడే రబ్బరు గొట్టాలు చూడండి. బ్రేకు గొట్టం కలిసే చోట ఆకుపచ్చ రంగు, ఫీడు గొట్టం కలిసే చోట తెలుపు రంగు వేస్తారు. ఒకదానికి బదులు ఇంకొకటి తగిలించకుండా ఉండడానికి ఈ ఏర్పాటు.

పాత బ్రేకువ్యాన్లకు ఇటుకరంగును పోలిన ఎర్ర ఆక్సైడు పూసేవారు. అది ఇనుమును తుప్పు నుంచి కాపాడుతుంది. దుమ్ము పడినా అసహ్యంగా కనిపించదు. ఆ ముదురు రంగు మీద పసుపు గుర్తు దూరానికి స్పష్టంగా కనబడుతుంది.

వ్యాను ఇరుపక్కలా తగిలించే దీపాలలో ఒక చమత్కారం ఉంది. వెనకనుంచి చూస్తే అవి ఎర్రగా, ఇంజను వైపు నుంచి చూస్తే తెల్లగా కనిపిస్తాయి. వంపు తిరిగే చోట డ్రైవరు వెనక్కు చూస్తాడు. ఆ తెల్లదీపాలు కనిపిస్తే "నా బండి చివరిదాకా నా వెంటనే ఉంది" అని ధైర్యం. వెనక బండి డ్రైవరుకు ఎరుపు కనిపిస్తే "ముందు బండి ఉంది, ఆగు" అని హెచ్చరిక. ఒకే దీపం ఇద్దరికి రెండు మాటలు చెబుతుంది.

ఎరుపు ఎందుకు? ఎర్రకాంతి తరంగదైర్ఘ్యం ఎక్కువ. గాలిలోని అతిసూక్ష్మమైన కణాలు దానిని తక్కువగా చెదరగొడతాయి. కాని పొగమంచులోని నీటిబిందువులు పెద్దవి. అవి అన్ని రంగులనూ ఇంచుమించు ఒకేలా చెదరగొడతాయి. కనుక దట్టమైన మంచులో, తుఫాను వానలో ఎర్రదీపాన్ని మాత్రమే నమ్ముకుంటే చాలదు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన పెనుతుఫాను వంటిది వచ్చినప్పుడు దీపం ఎంత దూరం కనబడుతుంది చెప్పండి? కన్ను ఓడిపోయిన చోట చెవిని వాడుకోవాలి.

పేలే గుర్తులు

గార్డు వెంట తీసుకుపోయే సామానులో రెండు ఎర్రజెండాలు, ఒక పచ్చజెండా, చేతిదీపం, ఈల, నియమాల పుస్తకం, గడియారంతో పాటు చిన్న రేకు డబ్బాల వంటి డిటోనేటర్లు ఉంటాయి. డిటోనేటరును పట్టా మీద పెట్టి దాని రేకు చెవులను వంచి బిగిస్తారు. ఇంజను చక్రం దాని మీదికి ఎక్కగానే పెద్ద చప్పుడుతో పేలుతుంది. డ్రైవరు వెంటనే బండిని ఆపుకొంటాడు.

బండి సెక్షను మధ్యలో ప్రమాదవశాత్తు ఆగిపోతే గార్డు ఎర్రజెండా లేదా ఎర్రదీపం చూపుతూ వెనక్కు నడవాలి. బ్రాడ్‌గేజి మార్గంలో 600 మీటర్ల దగ్గర ఒక డిటోనేటరు, 1,200 మీటర్ల దగ్గర పదేసి మీటర్ల ఎడంతో మూడు పెట్టాలి. దీన్ని ఒక్కసారి లెక్కవేసి చూడండి. గంటకు 5 కిలోమీటర్ల చొప్పున నడిచే మనిషికి 1,200 మీటర్లు పోవడానికి 14 నిమిషాలకు పైగా పడుతుంది. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి అదే దూరాన్ని 60 సెకండ్లలో దాటేస్తుంది! అందుకే సగం దూరంలోనే ఒకటి పెట్టమన్నారు. పూర్తిగా వెళ్ళేలోగా బండి వచ్చేస్తే ఆ ఒక్కటైనా కాపాడవచ్చు. చీకట్లో, కంకర మీద, ఒంటరిగా ఆ దూరం నడిచే గార్డు చేతిలో వెనక బండిలోని వందలమంది ప్రాణాలు ఉంటాయి.

నడిచే వ్యవధి లేకపోతే? 1995 ఆగస్టు 20న ఉత్తరప్రదేశులోని ఫిరోజాబాదు దగ్గర కాళింది ఎక్స్‌ప్రెస్ ఒక జంతువును గుద్దుకుని ఆగిపోయింది. ఆ బండి ముందుకు పోయిందీ లేనిదీ తేల్చుకోకుండానే పురుషోత్తం ఎక్స్‌ప్రెస్‌ను అదే దారిలోకి వదిలారు. 300 మందికి పైగా చనిపోయారు. తోకదీపం తన కంటితో చూడకుండా "దారి ఖాళీ" అనుకోవడం ఎంత ఖరీదైన పొరపాటో ఈ ఒక్క సంఘటన చెబుతుంది.

గోడ మీది రాతలు

బ్రేకువ్యాను పక్కగోడ ఒక జాతకచక్రం వంటిది. బి.వి.జి. అని ఉంటే గూడ్సు బ్రేకువ్యాను అని అర్థం. చివర సి ఉంటే మధ్యన ఒకే పెద్ద కొక్కెం వంటి సెంటర్ బఫర్ కప్లరు ఉన్నదని, టి ఉంటే పాత కప్లింగుతోనూ కొత్తదానితోనూ కలిసే కప్లరు ఉన్నదని గుర్తు. ఖాళీ బరువును టేరు అనే మాట పక్కన రాస్తారు. ఆఖరిసారి ఏ వర్క్‌షాపులో, ఎప్పుడు విప్పి బాగుచేశారో పి.ఓ.హెచ్. అనే అక్షరాల దగ్గర ఉంటుంది. మళ్ళీ ఎప్పుడు తిరిగి రావాలో ఆ తేదీ కూడా రాస్తారు. విజయవాడ దగ్గర రాయనపాడులో ఇటువంటి వ్యాగన్లను బాగుచేసే వర్క్‌షాపు ఉంది.

అన్నిటికంటే సరదా అయినది 11 అంకెల సంఖ్య. మొదటి రెండంకెలు వ్యాగను రకం. బ్రేకువ్యాన్లకు 85 నుంచి 89 వరకు కేటాయించారు. తరువాతి రెండు ఏ రైల్వేదో చెబుతాయి. దక్షిణ మధ్య రైల్వేకు 09. ఆ పైన రెండు తయారైన సంవత్సరం, తరువాత నాలుగు వరుస సంఖ్య. చివరిది తనిఖీ అంకె. మనమే ఒక సంఖ్యను ఊహించుకుందాం: 85 09 98 1234.

ఎడమనుంచి సరిస్థానాల్లోని అంకెలు 5, 9, 8, 2, 4. మొత్తం 28. దాన్ని మూడుతో గుణిస్తే 84. బేసిస్థానాల్లోని అంకెలు 8, 0, 9, 1, 3. మొత్తం 21. రెండూ కలిపితే 105. దీని పైన వచ్చే పదుల సంఖ్య 110. దాన్ని చేరడానికి ఇంకా 5 కావాలి. కనుక తనిఖీ అంకె 5.

గుమస్తా 3ను 8గా చదివాడనుకోండి. మొత్తం 110 అవుతుంది. తనిఖీ అంకె 0 రావాలి. కాని గోడ మీద 5 ఉంది. తప్పు దొరికిపోయింది! ఏ ఒక్క అంకె తప్పినా ఇలాగే దొరుకుతుంది. పక్కపక్క అంకెలు తారుమారైనా చాలాసార్లు దొరుకుతుంది. కొన్ని జతలు మాత్రం తప్పించుకుంటాయి. అవి ఏ జతలో మీరే కనిపెట్టండి.

చివరి పెట్టె భవిష్యత్తు

గార్డు ఉద్యోగం సుఖమైనదేమీ కాదు. పాత నాలుగు చక్రాల వ్యానులో కుదుపు ఎక్కువ. మరుగుదొడ్డి లేనివే ఎక్కువ. రాత్రంతా ఒంటరితనం. తన సామానంతా ఒక ఇనుపపెట్టెలో పెట్టుకొని బండి నుంచి బండికి ఎక్కించుకోవలసి వచ్చేది. ఎనిమిది చక్రాలతో, మరుగుదొడ్డితో కొత్త వ్యాన్లు తరువాత వచ్చాయి. 2022 జనవరిలో గార్డు అనే హోదా పేరును ట్రైన్ మేనేజరుగా మార్చారు.

అమెరికాలో 1980 నుంచి ఒక పదేళ్ళలో కబూస్‌లు చాలావరకు మాయమయ్యాయి. వాటికి బదులు చివరి వ్యాగనుకు ఒక చిన్న యంత్రం తగిలించారు. అది ఎర్రదీపం మిణుకుమిణుకుమనిపిస్తూ, గొట్టం చివరి పీడనాన్ని రేడియో ద్వారా ఇంజనుకు చెబుతుంది. ఇటువంటి యంత్రాలను మన రైల్వేల్లో ప్రవేశపెట్టే ప్రయత్నాలూ సాగుతున్నాయి. మరోపక్క పట్టాల పక్కన ఇరుసులను లెక్కపెట్టే సాధనాలు వచ్చాయి. సెక్షనులోకి పోయిన ఇరుసులెన్ని? బయటికి వచ్చినవెన్ని? రెండూ సమానమైతే దారి ఖాళీ. పిల్లలు గేటు దగ్గర పెట్టే లెక్కనే యంత్రం తప్పులేకుండా పెడుతుందన్నమాట!

పెట్టె పోవచ్చు, యంత్రం రావచ్చు. కాని అడిగే ప్రశ్న మాత్రం అదే: "బండి మొత్తం వచ్చిందా?" ఈసారి గేటు బయట, పట్టాలకు దూరంగా నిలబడి గూడ్సుబండిని చూసేటప్పుడు వ్యాగన్ల లెక్కతో ఆగకండి. చివరి పెట్టె వెనక గుర్తు ఉందా, పలక ఉందా, దీపం వెలుగుతోందా చూడండి. స్టేషనులో జెండా పట్టుకొని నిలబడ్డ ఉద్యోగి కూడా ఆ క్షణాన చూస్తున్నది దానినే.